ర్యాక్ మీది బోర్డు ఎవరి కోసం?

రాయదుర్గం మెట్రో స్టేషన్ దగ్గరున్న ఐకియాకి ఒక్కసారైనా వెళ్ళనివాళ్ళు మన కాలేజీలో తక్కువే ఉంటారు. 2018 ఆగస్టు 9న తెరిచారు, ఇండియాలో వాళ్ళ మొదటి స్టోర్ అదే. సెమ్ ఎగ్జామ్స్ అవగానే గ్యాంగ్ అంతా కలిసి వెళ్ళడం, కొనేదేమీ లేకపోయినా సోఫాలన్నింటిలో కూర్చుని చూడటం, తినేసి వచ్చేయడం. నేనూ అంతే. అయితే బిల్లింగ్ కౌంటర్ల ముందు ఒక పెద్ద హాలు వస్తుంది, గుర్తుందా? పైన షోరూంలో మనకి నచ్చిన టేబుల్ ట్యాగ్ మీద రెండు నంబర్లుంటాయి. ఒకటి వరస నంబరు, ఇంకోటి ఆ వరసలో చోటు నంబరు. అవి ఫొటో తీసుకుని కిందికొచ్చి, ఆ వరసలోకి వెళ్ళి, అట్టపెట్టె మనమే దించుకుని ట్రాలీలో పెట్టుకోవాలి.

ఆ హాలు నిజానికి ఒక గోదాం. ఈసారి వెళ్ళినప్పుడు తల పైకెత్తి చూడండి. చేతికందే పెట్టెల పైన ఇంకో అంతస్తు, దాని పైన ఇంకోటి. టన్నుల కొద్దీ సరుకు. దాన్నంతా మోసేది కొన్ని నిలువు కాళ్ళు, అడ్డ బీమ్‌లు, నేలలోకి దిగిన బోల్టులు. నేను మూడుసార్లు ఆ హాల్లోంచి నడిచాను గానీ ఒక్కసారీ పైకి చూడలేదు. ఈ ఎండాకాలం సెలవుల్లో మా బాబాయ్‌తో పనికి వెళ్ళాకే చూడటం అలవాటైంది.

ఈ వ్యాసంలో నేను చెప్పదలుచుకున్నది ఒకటే. గోదాం ర్యాక్ మీద ఎంత బరువు పెట్టొచ్చో చెప్పే బోర్డు, ఆ ర్యాక్‌తో రోజూ పనిచేసేవాళ్ళు చదవగలిగే భాషలో ఉండాలి. ఇంత చిన్న విషయానికి వ్యాసం అవసరమా అంటారేమో. మే నెల దాకా నేనూ అలాగే అనేవాణ్ణి.

మా బాబాయ్ గోదాముల్లో ర్యాక్‌లు బిగించే కాంట్రాక్టులు చేస్తాడు. నల్గొండ జిల్లాలో ఏడో తరగతి దాకా తెలుగు మీడియంలో చదివి ఆపేశాడు. 11 ఏళ్ళుగా ఇదే పని. ఆయన టీమ్‌లో ఐదుగురు. ఇద్దరిది ఒడిశా, ఒకరిది బీహార్, ఇద్దరిది మహబూబ్‌నగర్. నేను సెకండియర్ సీఎస్ఈ, ఎల్‌కేజీ నుంచి ఇంగ్లీష్ మీడియం. "కంప్యూటర్ సదువుతున్నవ్ గద, ఈసారి ప్లాన్ నువ్వే ఎయ్యిరా" అన్నాడు బాబాయ్. నాకు భలే సంతోషం వేసింది. డేటాబేస్ క్లాసులో వరసలు, నిలువు వరసలు నేర్చుకున్నవాడికి గోదాం ఒక పెద్ద టేబుల్‌లాగే కనిపించింది.

ఆ గోదాం ఔటర్ రింగ్ రోడ్ పక్కన ఉంది, వెడల్పు 30 మీటర్లు. అందులో ప్యాలెట్లు పెట్టే ర్యాక్‌లు వేయాలి. ప్యాలెట్ అంటే సరుకు పేర్చే చెక్క బల్ల. ఇక్కడ 1200 మిల్లీమీటర్ల పొడవు, 1000 వెడల్పు ఉన్నవి వాడుతున్నారు. రెండు ర్యాక్‌లని వీపుకి వీపు ఆనించి, మధ్యలో కాస్త ఖాళీ వదిలితే ఒక జంట వరసకి 2.6 మీటర్లు పడుతుంది. పక్కన బండి తిరగడానికి సందు. సందు 3 మీటర్లు ఇస్తే ఒక జంటకీ సందుకీ కలిపి 5.6 మీటర్లు. ఐదు జంటలకి 28 మీటర్లు, ఇంకా 2 మీటర్లు మిగిలిపోతుంది. నాకు అది వేస్ట్ అనిపించింది. పైథాన్‌లో చిన్న ప్రోగ్రాం రాశాను. సందుని 2.4 మీటర్లకి తగ్గిస్తే జంటకి 5 మీటర్లే, 30 మీటర్లలో సరిగ్గా ఆరు జంటలు పడతాయి. ఐదు బదులు ఆరు! 20 శాతం ఎక్కువ చోటు. స్క్రీన్ మీద రంగులు వేసి మరీ చూపించాను.

బాబాయ్ స్క్రీన్ వంక చూసి ఏమీ అనలేదు. మర్నాడు గోదాంకి తీసుకెళ్ళి, నా లెక్క ప్రకారమే నేల మీద సున్నం దారంతో గీతలు కొట్టించాడు. తర్వాత రీచ్ ట్రక్ నడిపే అన్నని పిలిచి, ఫోర్కుల మీద ఒక ఖాళీ ప్యాలెట్ పెట్టించి, ఆ గీతల మధ్య తిప్పమన్నాడు. అన్న తిప్పాడు. సగం తిరిగేసరికి ప్యాలెట్ మూల అవతలి గీత దాటింది. అక్కడ నిజంగా ర్యాక్ ఉండుంటే దాని కాలికి తగిలేది. ఇంకోసారి నెమ్మదిగా తిప్పాడు, మళ్ళీ అంతే. "గీ సందుల బండి తిరగదు గని, ర్యాకులు మస్తుగ పడ్తయ్" అన్నాడు బాబాయ్. అందరూ నవ్వారు, నేను కూడా. పైగా నా ప్లాన్‌లో గోదాం మధ్యలో ఉన్న స్తంభాలు లేవు. మంటలొస్తే బయటికి పరిగెత్తాల్సిన తలుపుకి అడ్డంగా ఒక ర్యాక్ కూడా వేశాను. నేను వేస్ట్ అనుకున్న 2 మీటర్లు మనుషులు నడిచే దారి.

ఆ రోజు నుంచి నేను ప్లాన్ మానేసి పని చూశాను. ముందు నేల చూస్తారు, ఎక్కడ ఎత్తు, ఎక్కడ పల్లం అని. నిలువు కాళ్ళు రెండేసి కలిపి కిందే ఫ్రేమ్ బిగిస్తారు. మొదటి గడిని నిలబెట్టడానికి అన్నింటికన్నా ఎక్కువ టైం తీసుకుంటారు, అది వంకరైతే వరసంతా వంకరే కాబట్టి. పైనుంచి గుండు వేలాడదీసి నిటారుగా ఉందో లేదో చూస్తారు. నేల పల్లంగా ఉన్నచోట కాలి కింద ఉక్కు రేకులు పెట్టి సరిచేస్తారు. ఆ తర్వాతే డ్రిల్ వేసి యాంకర్ బోల్టులు దించుతారు. బీమ్‌లకి రెండు చివర్లా కొక్కేల్లాంటివి ఉంటాయి, అవి కాళ్ళ మీది రంధ్రాల్లో కూర్చుంటాయి. కూర్చున్నాక ఒక చిన్న పిన్ పెడతారు. ఫోర్క్‌లిఫ్ట్ కింది నుంచి పొరపాటున బీమ్‌ని లేపినా ఊడి రాకుండా ఆపేది ఆ వేలెడంత పిన్నే. చివర్లో సందు మూలల్లో ఉన్న కాళ్ళకి పసుపు రంగు గార్డులు, వరస మొదట్లో బోర్డు.

ఇక అసలు విషయానికొస్తా.

రెండో వారంలో మేడ్చల్ వైపు ఇంకో గోదాం నుంచి ఫోన్ వచ్చింది. అక్కడ ర్యాక్‌లు బాబాయ్ రెండేళ్ళ కింద వేసినవే. ఒక కాలు వంగిందట, వచ్చి చూడమన్నారు. వెళ్ళి చూస్తే, ఒక గడిలో కింది బీమ్‌ని అసలు ఎత్తు నుంచి పైకి జరిపేశారు. పొడుగ్గా ఉండే పెట్టెలేవో కొత్తగా వచ్చాయి, నేల మీద పెడితే బీమ్‌కి తగులుతున్నాయి, అందుకని జరిపారు. సుత్తితో రెండు దెబ్బలు వేస్తే అయిపోయే పని. పిన్నులు పోయాయి, వాటి బదులు ఒకచోట మేకు, ఇంకోచోట బైండింగ్ తీగ. పై అంతస్తుల్లో ఎప్పటిలాగే పూర్తి బరువు.

బీమ్ జరిపితే ఏమవుతుంది? నాకూ అప్పటిదాకా తెలీదు. నేల నుంచి మొదటి బీమ్ దాకా కాలికి పక్క నుంచి పట్టు తక్కువ. ఆ ఎత్తు పెరిగేకొద్దీ కాలు పక్కకి వంగిపోవడం తేలికవుతుంది. మన మెకానికల్, సివిల్ ఫ్రెండ్స్‌కి ఆయిలర్ సూత్రం తెలుసు కదా. పట్టులేని పొడవు రెట్టింపైతే కాలు వంగకుండా మోయగలిగే బరువు నాలుగో వంతుకి పడిపోతుంది. నిజం ర్యాక్‌లో లెక్క ఇంత సూటిగా ఉండదు, రంధ్రాలుంటాయి, అడ్డకట్లుంటాయి, కానీ వెళ్ళే దిక్కు అదే. అంటే బీమ్ జరిపినవాళ్ళు ఒక్క గ్రాము బరువు కూడా పెంచలేదు. ర్యాక్ బలం మాత్రం తగ్గించేశారు.

బాబాయ్ మీటరు పొడవున్న ఇనుప పట్టీని కాలికి ఆనించి సందు ఎంతుందో చూశాడు. యూరప్ వాళ్ళ ఈఎన్ 15635 ప్రమాణంలో దీనికి లెక్కలున్నాయని తర్వాత చదివాను. మీటరు పొడవులో కాలు బీమ్ వైపు 5 మిల్లీమీటర్లు, ఫ్రేమ్ వైపు 3 మిల్లీమీటర్లు దాకా వంగితే పర్లేదు, గమనిస్తూ ఉండాలి. అది దాటితే, ఒకసారి ఖాళీ చేశాక మళ్ళీ సరుకు పెట్టకూడదు. రెట్టింపు దాటితే వెంటనే మొత్తం దించేయాలి. పచ్చ, పసుపు, ఎరుపు, ట్రాఫిక్ సిగ్నల్ లాగే. బాబాయ్‌కి ఆ ప్రమాణం పేరు తెలీదు గానీ, పట్టీ పెట్టి చూడగానే "దించుండ్రి, అంత దించుండ్రి, ముందుగాల మీదియి" అన్నాడు. సాయంత్రం దాకా దించారు. ఎవరికీ ఏమీ కాలేదు.

ఒక ర్యాక్ పడితే పక్కది కూడా పడుతుంది. 2016 మేలో ఇంగ్లండ్‌లోని ష్రాప్‌షైర్‌లో చీజ్ నిల్వచేసే గోదాంలో ర్యాక్‌లన్నీ కూలి, ఒక ఫోర్క్‌లిఫ్ట్ డ్రైవర్ వాటి కింద ఎనిమిది గంటలు ఇరుక్కుపోయాడు. బతికి బయటపడ్డాడు. ఆ ఫొటోలు చూస్తే అన్ని టన్నుల కింద ఒక మనిషి ఎలా బతికాడా అనిపిస్తుంది.

మేడ్చల్ గోదాం మేనేజర్ ఒకటే మాట. "బోర్డు పెట్టించాం కదా? అందులో రాసే ఉంది." నిజమే, రాసే ఉంది. వరస మొదట్లో పసుపు బోర్డు. ఒక్కో బీమ్ జతకి ఎంత, ఒక్కో గడికి ఎంత, మొదటి బీమ్ ఎత్తు ఎంత, అనుమతి లేకుండా మార్చరాదు, అన్నీ ఉన్నాయి. అన్నీ ఇంగ్లీష్‌లో. బీమ్ జరిపిన ఒడిశా అబ్బాయిని అడిగితే, "అది ర్యాక్ కంపెనీ అడ్వర్టయిజ్‌మెంట్ అనుకున్నా" అన్నాడు హిందీలో. నా వయసే ఉంటుంది.

తిరిగొచ్చేటప్పుడు బండి మీద బాబాయ్ అడిగాడు: "అవునురా, ఆ బోర్డు మీద అసలు ఏం రాసుంటది?"

నాకు కాసేపు అర్థం కాలేదు. 11 ఏళ్ళుగా ఆ బోర్డుని స్వయంగా బిగిస్తున్న మనిషి. అంకెలు తెలుసు, కిలోలు తెలుసు. చుట్టూ ఉన్న వాక్యాలు ఎప్పుడూ చదవలేదు, ఎవరూ చదివి చెప్పలేదు. సరేలే, నేను చెప్తా అనుకుని ఫోన్‌లో ఉన్న ఫొటో తీశాను. మొదటి వాక్యం దగ్గరే ఆగిపోయాను. 'యూనిఫామ్‌లీ డిస్ట్రిబ్యూటెడ్ లోడ్'. ఫస్టియర్‌లో ఆ మాటతో నాలుగు లెక్కలు చేసి మార్కులు తెచ్చుకున్నా. దాన్ని మా బాబాయ్‌కి తెలుగులో చెప్పమంటే నోరు పెగల్లేదు. బాబాయ్‌కి ఇంగ్లీష్ రాదు, నాకు తెలుగు రాదు. ఇద్దరి మధ్యా రెండు వేల కిలోల బరువు.

ఇంటికెళ్ళాక మేమిద్దరం కూర్చుని తెలుగు బోర్డు రాశాం. నా మొదటి ప్రయత్నం ఇది: "సమరీతిగా విస్తరించిన గరిష్ఠ అనుమత భారం." డిక్షనరీ చూసి రాశాను. మర్నాడు టీమ్‌లో మహబూబ్‌నగర్ అన్న చదివి, "ఇది గుడిల మంత్రం లెక్కుంది తమ్మీ" అన్నాడు. అంటే ఇంగ్లీష్ తీసేసి, ఇంగ్లీష్‌లాగే ఎవరికీ అర్థం కాని తెలుగు పెట్టానన్నమాట. నాలుగుసార్లు మార్చాక ఇలా వచ్చింది:

"ఈ బీమ్ జత మీద 2000 కిలోలు దాటొద్దు. బరువంతా ఒక్కచోట పెట్టొద్దు, బీమ్ పొడవునా సమానంగా పరచాలి. మొదటి బీమ్ నేల నుంచి ఈ ఎత్తులోనే ఉండాలి. బీమ్ జరిపితే ర్యాక్ బలం తగ్గుతుంది, జరపాలంటే ముందు ఈ నంబరుకి ఫోన్ చేయండి. పిన్ ఊడినా, కాలు వంగినా, బీమ్‌కి దెబ్బ తగిలినా సరుకు పెట్టొద్దు, వెంటనే చెప్పండి."

అంకెలు ఆ ర్యాక్‌కి తయారీ కంపెనీ లెక్కగట్టి ఇచ్చినవి, మేం ముట్టుకోలేదు. మీరు కూడా ముట్టుకోకూడదు. మాటలు మాత్రమే మావి. హిందీ బీహార్ అన్న చెప్పాడు, ఒడియా ఒడిశా అన్నలు రాశారు. ఇంగ్లీష్ కూడా ఉంచాం. నాలుగు భాషల్లో బోర్డు ప్రింట్ చేయించడానికి అయిన ఖర్చు, మనం ఒక సాయంత్రం మాదాపూర్‌లో నలుగురం కలిసి తిన్న బిల్లు కన్నా తక్కువ.

దీనికి మీలో చాలామంది చెప్పే అభ్యంతరాలు నాకు తెలుసు. మా రూమ్మేట్స్ ఆల్రెడీ చెప్పేశారు.

ఒకటి, "బొమ్మలు పెడితే చాలు కదా, భాష ఎందుకు?" బొమ్మలు ఉండాల్సిందే. ర్యాక్ ఎక్కొద్దు అని బొమ్మతో చెప్పొచ్చు. బీమ్ పైకి జరిపితే బలం ఎందుకు తగ్గుతుందో, ఎవర్ని అడగాలో బొమ్మతో చెప్పలేం. ఎందుకో తెలియని రూల్‌ని, పని తొందరలో ఉన్న మనిషి ముందుగా పక్కనపెడతాడు. మనమేమైనా తక్కువా? ల్యాబ్‌లో అతికించిన రూల్స్ ఎన్ని చదివాం?

రెండు, "ఇన్ని రాష్ట్రాల వాళ్ళుంటారు, ఎన్ని భాషల్లో రాస్తాం?" అక్కడ ఎవరు పనిచేస్తున్నారో వాళ్ళ భాషల్లో. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం 108వ సెక్షన్‌లోనే, చట్టం పెట్టమన్న నోటీసులు ఇంగ్లీష్‌లోనూ, పనివాళ్ళలో ఎక్కువమందికి అర్థమయ్యే భాషలోనూ ఉండాలని రాశారు. ర్యాక్ బోర్డు ఆ లెక్కలోకి వస్తుందా రాదా అన్నది లాయర్ల వాదన. ఆ ఆలోచన మాత్రం స్వాతంత్ర్యం వచ్చిన మరుసటి సంవత్సరమే మనవాళ్ళకి వచ్చింది.

మూడోది మన బ్రాంచ్ వాళ్ళది. "ఇదంతా సాఫ్ట్‌వేర్ చూసుకుంటుంది, బరువు ఎక్కువైతే సిస్టమే ఆపేస్తుంది." ఈ మాట నేనూ అనేవాణ్ణి. సాఫ్ట్‌వేర్‌లో ఒక గడికి 2000 కిలోలు అని లిమిట్ పెట్టొచ్చు. ఎవరో బీమ్ జరిపారని, పిన్ బదులు మేకు ఉందని దానికెవరు చెప్తారు? దాని దృష్టిలో ఆ గడి నిన్నటిదే. కళ్ళతో చూసేది అక్కడున్న మనిషి. ఆ మనిషి చూసింది ప్రమాదమని గుర్తుపట్టాలంటే, ముందు అతనికి ఎవరో ఒకరు అర్థమయ్యేలా చెప్పి ఉండాలి.

2019 ఆగస్టులో నానక్‌రామ్‌గూడలో అమెజాన్ తన క్యాంపస్ తెరిచినప్పుడు, ప్రపంచంలో ఆ కంపెనీకున్న భవనాలన్నింటిలోకీ అదే పెద్దదన్నారు. 15 వేల మంది పనిచేసేంత చోటు. దాని ముందు నుంచి వెళ్ళినప్పుడల్లా మనందరికీ ఒకటే కల. అదే కంపెనీ 2017లో శంషాబాద్ దగ్గర 4 లక్షల చదరపు అడుగుల గోదాం తెరిచిన సంగతి ఎంతమందికి గుర్తుంది? గచ్చిబౌలి నుంచి శంషాబాద్‌కి ఔటర్ మీద 22 కిలోమీటర్లు. 2008లో ఔటర్‌లో మొదట తెరిచిన ముక్క అదే. ఇక్కడ కూర్చుని రాసే కోడ్ అక్కడ ఇనుము మీద నిలబడుతుంది. మనలో చాలామంది రేపు ఆ కోడ్ రాసేవాళ్ళమే. అందుకే ఇది మన సంగతి కూడా అంటున్నా.

మన కాలేజీలో ప్రతి ఏడాదీ 'స్మార్ట్ వేర్‌హౌస్' ప్రాజెక్టులు రెండు మూడైనా ఉంటాయి. సెన్సర్లు, యాప్, డ్యాష్‌బోర్డు. అవన్నీ చేయండి. దానికి ముందు ఒక్క రోజు నిజం గోదాంకి వెళ్ళండి. చాక్‌పీస్‌తో గీత గీసి బండి తిప్పించి చూడండి. మీ యాప్‌లో వచ్చే వార్నింగ్ అక్కడ పనిచేసే అన్నకి చూపించి, అర్థమైందా అని అడగండి. అర్థం కాలేదంటే తప్పు ఆయనది కాదు.

మన క్లబ్‌కి కూడా ఒక మాట. మనం కవితల పోటీలు పెడతాం, శతకాల మీద క్విజ్ పెడతాం, బాగుంది. దాంతోపాటు ఈ సెమిస్టర్‌లో, పనిచోట్ల ఉండే ఇలాంటి బోర్డులని వాడుక తెలుగులోకి రాసే పని పెట్టుకుందాం. లిఫ్ట్ బోర్డు, గ్యాస్ సిలిండర్ల గోదాం బోర్డు, మన హాస్టల్ ట్రాన్స్‌ఫార్మర్ బోర్డు. రాసింది ఆ పని చేసేవాళ్ళకి చదివి వినిపించి, వాళ్ళు సరే అన్నాకే ఓకే చేద్దాం. తెలుగు రాయడం ఎంత కష్టమో, ఎంత అవసరమో నాకు ఏ పోటీలోనూ తెలీలేదు, ఆ ఐదు వాక్యాల దగ్గర తెలిసింది.

మేడ్చల్ గోదాంలో కొత్త కాలు బిగించాం, బోర్డు మార్చాం. మూడు వారాల తర్వాత బాబాయ్‌కి అక్కడి నుంచి ఫోన్ వచ్చింది. అదే ఒడిశా అబ్బాయి. ఒక గడిలో పిన్ కనిపించడం లేదట, సరుకు పెట్టకుండా ఆపామని చెప్పాడు. బాబాయ్ రెండు పిన్నులు జేబులో వేసుకుని వెళ్ళొచ్చాడు.